అక్క కూతురు మఠంలో చేరతానంటోంది: ఎక్కడికి పంపుతారో ముందే తెలుస్తుందా?

సాగర్_ఎడమకాలువ
మాది మిర్యాలగూడ దగ్గరి పల్లె. మా అక్క కూతురు నల్లగొండలో బి.ఎస్సీ. నర్సింగు చివరి సంవత్సరం చదువుతోంది. క్రిస్మస్ సెలవులకు ఇంటికి వచ్చి, జొన్న రొట్టె తింటూ, తాను ఫ్రాన్సిస్కన్ మిషనరీస్ ఆఫ్ మేరీ అనే కతోలిక సిస్టర్ల సభలో సిస్టరుగా చేరాలనుకుంటున్నట్టు చెప్పింది. అక్క చేతిలోని రొట్టె పెనం మీదే మాడిపోయింది. బావ లేచి, నీళ్లు పెట్టే వేళ కాకపోయినా, పొలానికి వెళ్లిపోయారు. మేము మూడు తరాలుగా కతోలికులమే, నేను చదువుకున్నది కూడా సిస్టరమ్మల బడిలోనే, కాబట్టి మఠం అనే మాటకు భయపడే ఇల్లు కాదు మాది. కానీ ఈ పిల్ల చెప్పిన ఒక మాట నన్ను నిద్రపోనివ్వడం లేదు. తమ సభవారు ఏ దేశానికైనా, ఎవరి దగ్గరికైనా వెళ్లడానికి సిద్ధంగా ఉంటారట. "కొండమల్లేపల్లికి పంపినా సరే, కాంగోకు పంపినా సరే మామా" అంది. ఈ సభ ఎక్కడిది, ప్రపంచంలో ఏమేం చేస్తుంది, మా పిల్ల ఎక్కడ తేలుతుంది, నచ్చకపోతే తిరిగి రావచ్చా? మేనమామగా అడుగుతున్నాను. తెలిసినవారు చెప్పండి.

విచారణ_ఉపదేశి
నేను ఇరవై రెండేళ్లుగా గుడిలో జ్ఞానోపదేశం చెప్పే ఉపదేశిగా పనిచేస్తున్నాను, ఈ సభ చరిత్ర కొంత చదివాను. మీ మొదటి ప్రశ్నకే జవాబు ఆశ్చర్యంగా ఉంటుంది, ఎందుకంటే ఈ సభ రోములోనో పారిస్‌లోనో పుట్టలేదు, మన దక్షిణాదిలో, ఊటీలో పుట్టింది. స్థాపకురాలి అసలు పేరు ఎలెన్ ద షప్పోతాన్. ఆమె 1839లో ఫ్రాన్సులోని నాంత్ నగరంలో పుట్టారు, మఠంలో మేరీ ఆఫ్ ద ప్యాషన్ అనే పేరు తీసుకున్నారు. వేరొక సభ సిస్టరుగా 1865లో మధురై ప్రాంతానికి వచ్చి, 1867లో అక్కడి మఠాలన్నింటికీ పెద్ద అయ్యారు. 1876లో ఆ సభలో విభేదాలు తలెత్తి, ఆమెతో కలిపి ఇరవై మంది విడిపోయి ఊటీలో చేరారు. అప్పుడు ఆమె రోముకు వెళ్లి విన్నవించుకోగా, తొమ్మిదవ పయస్ పోపుగారు 1877 జనవరి 6న, అంటే ముగ్గురు జ్ఞానుల పండుగ రోజున, కేవలం వేదప్రచార సేవకే అంకితమైన కొత్త సభను అనుమతించారు. 1882లో పునీత అస్సీసి ఫ్రాన్సిస్ వారి కుటుంబంలో చేరడం వల్ల పేరులో ఫ్రాన్సిస్కన్ అనే మాట కలిసింది. మరుసటి ఏడే ఆమె మీద ఫిర్యాదులు వెళ్లి, పదవి నుంచి తొలగించారు. పదమూడవ లియో పోపుగారు విచారణ జరిపించగా, 1884లో ఆమె మళ్లీ సభ పెద్ద అయ్యారు. ఇక్కడ విచారణ అంటే మన గుడి విచారణ (పారిష్) కాదు, నిజమైన విచారణే. 1904లో ఆమె చనిపోయేనాటికి నాలుగు ఖండాల్లో 86 మఠాలు, రెండు వేలకు పైగా సిస్టర్లు ఉన్నారు. ఇప్పుడు డెబ్బైకి పైగా దేశాల్లో ఉన్నారు. 2002లో ఆమెను ధన్యురాలిగా, అంటే పునీతురాలికి ముందు మెట్టుగా, ప్రకటించారు.

పాలమూరు_పిల్ల
ఊటీ అంటే ఇన్నాళ్లూ చాక్లెట్లు, యూకలిప్టస్ నూనె అనుకున్నాను. ఒక ప్రపంచ సభ కూడా అక్కడి నుంచే బయలుదేరిందని ఇప్పుడే తెలిసింది.

లెక్కల_సారు
ఉపదేశి గారు చరిత్ర బాగా చెప్పారు, కానీ సాగర్ గారు అడిగినది చరిత్ర కాదు, పిల్ల ఎక్కడ తేలుతుందని. నా అనుమానం సూటిగా చెబుతాను, ఎవరూ నొచ్చుకోవద్దు. ప్రపంచం మొత్తం మీద మఠకన్యల సంఖ్య 2022 చివరికి ఆరు లక్షల కన్నా కిందికి దిగింది. తగ్గుతున్నది ఎక్కువగా ఐరోపా, అమెరికాల్లో. కొత్తవారు వస్తున్నది ఆసియా, ఆఫ్రికాల నుంచి. ఐరోపా మఠాల్లో ఎనభై, తొంభై ఏళ్ల సిస్టర్లు మిగిలిపోతే, వారికి మంచం మీద అన్నం తినిపించడానికి మన నల్లగొండ, ఖమ్మం పిల్లలు వెళ్తున్నారు. దానికి ప్రపంచవ్యాప్త సేవ అని పేరు. నర్సింగు చదివిన పిల్ల అయితే ఇంకా సులువు.

రిటైర్డ్_నర్సమ్మ
లెక్కల సారు గారూ, ముసలివాళ్లకు అన్నం తినిపించడం సేవ కాకుండా పోయిందా? నేను ముప్పై నాలుగేళ్లు వార్డుల్లో చేసింది అదే.

లెక్కల_సారు
పోలేదమ్మా. కానీ మీకు జీతం, పెన్షన్, పండక్కి ఇంటికి వెళ్లే సెలవు ఉన్నాయి. నేను అడుగుతున్నది ఆ తేడా గురించే.

రిటైర్డ్_నర్సమ్మ
అయితే మా ఇంటి సంగతి చెబుతాను. మా చిన్నమ్మ కూతురు వేరొక సభలో ఉంది, ఆ సభ పేరు ఇక్కడ అవసరం లేదు. హుజూర్‌నగర్ దగ్గరి పల్లె నుంచి బయలుదేరి, మొదట బెంగుళూరు, తర్వాత రోము, ఆ తర్వాత పదహారేళ్లు పశ్చిమ ఆఫ్రికాలో పనిచేసింది. మీరు చెప్పినట్టే రోములో రెండేళ్లు ముసలి సిస్టర్లను చూసుకుంది. ఆ రెండేళ్లలోనే వారి దగ్గర ఇటాలియన్, ఫ్రెంచి నేర్చుకుంది. ఫ్రెంచి లేకపోతే ఆఫ్రికాలో ఆ ఊరి ప్రసూతి కేంద్రంలో ఒక్క రోజు కూడా పనిచేయగలిగేది కాదు. సెలవు మీద వచ్చినప్పుడల్లా మా పిన్ని, "అక్కడ ఏం తింటున్నావు బిడ్డా" అని మొదట అడిగేది. జొన్న అక్కడా పండుతుందని, గట్క లాంటిది వాళ్లూ వండుకుంటారని చెప్పిన రోజు మా పిన్ని ముఖంలో వచ్చిన నెమ్మది నాకు ఇంకా గుర్తుంది. కష్టాలు లేవని అనను. పిన్ని చనిపోయినప్పుడు ఆమె మట్టికి అందలేదు. మూడో రోజు సాయంత్రం వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా, బట్టలు మార్చుకోకుండా నేరుగా సమాధుల దొడ్డికి వెళ్లింది. ఆ మాట కూడా మీ అక్కయ్యకు చెప్పండి, సాగర్ గారూ. దాచి పంపితే తర్వాత ఎక్కువ బాధ.

సాగర్_ఎడమకాలువ
చెబుతానమ్మా. అక్క సంగతి ఎలా ఉన్నా నాకే ఇప్పుడు గొంతు పట్టేసింది.

నల్లమల_గాలి
నేను కతోలికుణ్ణి కాదు, అచ్చంపేట వాణ్ణి. మర్యాదగానే అడుగుతున్నాను. ఏ దేశమైనా వెళ్తాం అంటే అసలు ఉద్దేశం మతం మార్చడమే కదా? పైన ఉపదేశి గారే వేదప్రచార సేవ అని రాశారు.

విచారణ_ఉపదేశి
న్యాయమైన ప్రశ్న. తమ విశ్వాసాన్ని నలుగురికీ తెలియజేయడం ఆ సభ ఉద్దేశంలో భాగమే, దాన్ని దాచవలసిన పని లేదు. అయితే ఆచరణలో అది ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చూడండి. మొరాకో దాదాపు పూర్తిగా ముస్లిం దేశం. అక్కడ ముస్లింలను వేరే మతంలోకి ఆకర్షించడం చట్టప్రకారం నేరం. అయినా అట్లాసు కొండల మధ్య మిదెల్ట్ అనే పట్టణంలో ఈ సభ సిస్టర్లు దశాబ్దాలుగా ఉన్నారు. అక్కడ వారు నడిపేది బెర్బెర్ స్త్రీలు తివాచీలు నేసే, ఎంబ్రాయిడరీ కుట్టే పనిశాల. మతం మారినవారి లెక్కే ముఖ్యమైతే అలాంటి చోట ఒక్క ఏడాది కూడా ఉండవలసిన అవసరం లేదు. ప్రతిరోజూ దివ్యసత్ప్రసాదం (పూజలో ఆశీర్వదించిన అప్పం) ముందు ఆరాధన, ఆ తర్వాత పక్కింటివారితో కలిసి పని, ఈ రెండింటి మీదనే వారి జీవితం నడుస్తుంది.

నల్లమల_గాలి
మొరాకో సంగతి ఒప్పుకుంటున్నాను. చట్టం లేని చోట ఎలా ఉంటుందన్న ప్రశ్న మాత్రం నా దగ్గరే ఉంచుకుంటాను.

విచారణ_ఉపదేశి
ఉంచుకోండి. ఏ ఊరికి ఆ ఊరు చూసి తేల్చుకోవలసిన ప్రశ్నే అది.

గద్వాల_మగ్గం
తివాచీల మాట వచ్చింది కాబట్టి నేనూ అడుగుతాను, మాది మగ్గాల ఇల్లు. నేతను కాపాడుతున్నామని చెప్పేవారిని చాలామందిని చూశాను. పని చేసిన ఆడవాళ్ల చేతికి డబ్బు నేరుగా అందుతుందా, లేక ఫోటోలు మాత్రం దిగి పోతారా? మా గద్వాల చీరకు పట్టు కొంగు వేరుగా నేసి నూలు చీరకు కలుపుతాం, ఆ కలిపే కూలి ఎప్పుడూ ఆడవాళ్లదే, ఆ కూలికి మాత్రం ఏ రశీదులోనూ చోటు ఉండదు.

విచారణ_ఉపదేశి
చరిత్ర వరకు నేను చెప్పగలను. బీద ఆడపిల్లల చేతికి పని నేర్పాలన్నది స్థాపకురాలి కాలం నుంచీ ఈ సభకు ముఖ్యమైన విషయమే. చైనాలోనూ భారతదేశంలోనూ లేసు, ఎంబ్రాయిడరీ పనిశాలలు నడిపారు. బడి, ఆసుపత్రి, పనిశాల ఈ మూడూ చాలా చోట్ల కలిసే ఉండేవి. జపాన్‌లోని కుమామోతోకు 1898లో వెళ్లినది మాత్రం కుష్ఠు రోగుల కోసం. వీధుల్లో, గుడి మెట్ల దగ్గర పడి ఉన్న రోగులను చూసి అక్కడి ఫ్రెంచి గురువు (ఫాదర్) ఒకరు కబురు పంపితే వెళ్లారు. మన దగ్గర చూస్తే, మద్రాసులోని స్టెల్లా మారిస్ కళాశాల 1947 ఆగస్టు 15న 32 మంది విద్యార్థినులతో మొదలైంది, అది వీరిదే. హైదరాబాదు గన్‌ఫౌండ్రీలోని రోజరీ కాన్వెంటు కూడా వీరిదే.

పాలమూరు_పిల్ల
దేశమూ కాలేజీ ఒకే రోజు పుట్టాయన్నమాట. సెలవు రోజున తరగతులు మొదలుపెట్టిన కాలేజీ ఇదొక్కటేనేమో.

లెక్కల_సారు
అది ఏటా వచ్చే సెలవు అయింది ఆ తర్వాతే కదమ్మా.

మఠం_గడప_దాటిన
చాలాసేపు చదివి, రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను. నేను ఒక సభలో నాలుగేళ్లు ఉండి బయటికి వచ్చినదాన్ని. ఏ సభో చెప్పను, ఈ సభ మాత్రం కాదు. సాగర్ గారి చివరి ప్రశ్న, తిరిగి రావచ్చా అన్నది, దానికి ఇంకా ఎవరూ జవాబు ఇవ్వలేదు. నియమం ప్రకారం రావచ్చు. మొదట కొన్ని నెలలు చూసిపోయే కాలం, తర్వాత పోస్టులెంటుగా, అంటే చేరాలనుకునే అభ్యర్థిగా, ఒక దశ, ఆ తర్వాత నోవిషియేట్, అంటే మఠ జీవితపు శిక్షణ కాలం. తిరుసభ (కతోలిక చర్చి) చట్టం ప్రకారం నోవిషియేట్ పన్నెండు నెలలకు తగ్గకూడదు, మామూలుగా రెండేళ్లు దాటకూడదు. అప్పుడు మొదటి మాటపట్టు (సిస్టరుగా బతుకుతానని ఇచ్చే ప్రమాణం), అది కొంతకాలానికే. అలాంటి తాత్కాలిక మాటపట్టులో కనీసం మూడేళ్లు, మామూలుగా ఆరేళ్ల లోపు ఉన్న తర్వాతే నిత్య మాటపట్టు. తాత్కాలిక మాటపట్టు గడువు తీరిన రోజున ఎవరైనా ఎవరికీ సంజాయిషీ ఇవ్వకుండా బయటికి రావచ్చు. అంటే మీ పిల్ల ఈ ఏడాది చేరినా, ఆమె జీవితాంతపు మాట ఇచ్చేసరికి ఆరేడేళ్లు పడుతుంది.

చట్టం అంతవరకే. ఊరి సంగతి వేరు. నేను తిరిగి వచ్చినప్పుడు మా అమ్మ నన్ను వారం రోజులు బయటికి పంపలేదు, బస్టాండుకు వెళ్లాలన్నా చీకటి పడ్డాక వెళ్లమంది. చేరిన రోజున పూలదండ వేసి, ఊరంతటికీ అన్నం పెట్టి, పీఠాధిపతి (బిషప్) గారితో ఫోటో దిగిన ఇల్లు, తిరిగి వస్తే తలుపు తీయడానికి సిగ్గుపడింది. లోపల నాకు ఎవరూ అన్యాయం చేయలేదు, ఒకరిద్దరు పెద్దల మాట కరుకుగా ఉండేది, అంతే. ఆ జీవితం నాది కాదని మూడో ఏడాది తెలిసింది. నాలుగో ఏడాదంతా బయటికి ఎలా రావాలన్న భయంతోనే గడిపాను. ఆ ఒక్క ఏడాది వృథా కావడానికి కారణం మఠం కాదు, మా ఊరి పూలదండ. కాబట్టి సాగర్ గారూ, పిల్లను పంపితే దండ లేకుండా పంపండి. తలుపు తీసే ఉంటుందని మీ బావ నోటితో చెప్పించండి, మీ నోటితో కాదు.

రిటైర్డ్_నర్సమ్మ
ఇది చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను తల్లీ. రాసినందుకు మేలు చేశావు.

సాగర్_ఎడమకాలువ
ఈ మాట కోసమే నేను ఇక్కడికి వచ్చాననిపిస్తోంది. మా బావ నోరు తెరిపించడం నాగార్జున సాగర్ గేట్లు ఎత్తించినంత పని, అయినా ప్రయత్నిస్తాను.

లెక్కల_సారు
బయటికి వచ్చిన చెల్లెమ్మ మాట విన్నాక నా మాట కొంచెం సవరించుకుంటాను, కానీ డబ్బు సంగతి వదలను. సాగర్ గారి బావకు రెండెకరాలు ఉన్నాయనుకుందాం. పిల్ల వాటా ఏమవుతుంది? ఆమె ఆసుపత్రిలో పనిచేస్తే వచ్చే జీతం ఎవరిది?

విచారణ_ఉపదేశి
పిల్ల వాటా ఆమె పేరు మీదే ఉంటుంది. మాటపట్టు వల్ల వారసత్వ హక్కు పోదు. తిరుసభ చట్టం ప్రకారం మొదటి మాటపట్టుకు ముందు తన ఆస్తి నిర్వహణను తనకు నచ్చినవారికి అప్పగించాలి, నిత్య మాటపట్టుకు ముందు దేశ చట్టంలో చెల్లే వీలునామా రాయాలి. ఆ వీలునామా తల్లిదండ్రుల పేరు మీదైనా రాయవచ్చు, తమ్ముడి పేరు మీదైనా రాయవచ్చు. చేరిన తర్వాత చేసే పనికి వచ్చే జీతం, పెన్షన్ మాత్రం సభకే చెందుతాయి. దాని మీద మన కోర్టులు కూడా మాట్లాడాయి. జీతం సభకు ఇచ్చేస్తున్నాం కాబట్టి పన్ను పట్టకూడదని ఎయిడెడ్ బడుల్లో పనిచేసే సిస్టర్ల, గురువుల తరఫున వేసిన అప్పీళ్లను 2024 నవంబరులో సుప్రీంకోర్టు కొట్టివేసింది. జీతం ఎవరి పేరు మీద వస్తే వారి నుంచి పన్ను కోసుకోవలసిందే.

లెక్కల_సారు
పేదరికపు మాటపట్టు తీసుకున్నా పాన్ కార్డు తప్పదన్నమాట.

నల్లమల_గాలి
విదేశాల నుంచి డబ్బు దండిగా వస్తుందని అంటారు కదా, ఆ డబ్బుతోనే అన్నీ నడుస్తాయేమో.

విచారణ_ఉపదేశి
ఒకప్పుడు ఎక్కువ వచ్చేది. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ తర్వాత ఆ విరాళం ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోకే రావాలి, అందులో కార్యాలయ ఖర్చులకు ఇదివరకటి యాభై శాతం బదులు ఇరవై శాతమే వాడుకోవాలి, ఒక సంస్థ తనకు వచ్చినది మరో సంస్థకు ఇవ్వకూడదు. పెద్ద సంస్థ తెచ్చి చిన్న ఊరి మఠానికి పంచే దారి దాంతో మూసుకుపోయింది. ఇప్పుడు చాలా మఠాలు బడి ఫీజుల మీద, సిస్టర్ల జీతాల మీద నడుస్తున్నాయి.

పాలమూరు_పిల్ల
అందుకే మా తమ్ముడి ఫీజు అంత ఉందా? సరే, విషయానికి వస్తాను. ఆ సభవాళ్లు ప్రమాదమైన చోట్లకు కూడా వెళ్తారా? సాగర్ అన్నయ్య అసలు భయం అదేననుకుంటాను.

విచారణ_ఉపదేశి
వెళ్లారు. చైనాలోని తాయ్యువాన్‌లో అనాథ పిల్లలను, రోగులను చూసుకోవడానికి 1899లో ఏడుగురు సిస్టర్లు వెళ్లారు, ముగ్గురు ఫ్రాన్సు, ఇద్దరు ఇటలీ, ఒకరు బెల్జియం, ఒకరు హాలండు. విదేశీయుల మీద బాక్సర్ల తిరుగుబాటు చెలరేగినప్పుడు 1900 జూలై 9న ఏడుగురినీ చంపేశారు. 2000లో పునీతులుగా ప్రకటించారు. సాగర్ గారూ, ఇదంతా మీ అక్కయ్యకు చెప్పమని అనను. కానీ వారి తర్వాత ఆ దేశానికే వెళ్లిన మరియ అసుంత పల్లొత్త గారి గురించి మాత్రం తప్పక చెప్పండి. ఇటలీలోని పేద రైతు కుటుంబం, చదువు అంతంతమాత్రం, మఠంలో చేసింది వంట, పశువుల పని, తోట పని. చైనాకు 1904లో వెళ్లి, మరుసటి ఏప్రిల్‌లోనే టైఫస్ జ్వరంతో ఇరవై ఆరేళ్లకు చనిపోయారు. ఎవరూ చంపలేదు, గొప్ప ఆసుపత్రీ కట్టలేదు. వంటింటి పని చేసిన ఆ పల్లెటూరి పిల్లను 1954లో తిరుసభ ధన్యురాలిగా ప్రకటించింది. నాకు ఆ ఏడుగురి కన్నా ఈమె దగ్గరగా అనిపిస్తారు.

రిటైర్డ్_నర్సమ్మ
ఉపదేశి గారూ, ధైర్యం చెప్పమంటే జ్వరంతో పోయినవారి కథ చెబుతారేమిటండీ!

విచారణ_ఉపదేశి
నిజమే, అలవాటు చొప్పున ప్రసంగంలోకి వెళ్లిపోయాను. ఇప్పటి సంగతి చెబుతాను. పంపే ముందు ఆరోగ్యం, భాష, ఇంటి పరిస్థితి అడిగి, ఆమెతో మాట్లాడే పంపుతారు. విధేయత అంటే మూట కట్టి బస్సెక్కించడం కాదు.

గద్వాల_మగ్గం
ఇంకొక సంగతి ఎవరూ అనడం లేదు. ఆస్ట్రేలియా నుంచి డాక్టరు మేరీ గ్లౌరీ 1920లో గుంటూరుకు వచ్చి, యేసు మరియ యోసేపు సభలో చేరి, మన ఆడవాళ్ల కాన్పులు చూశారు. 1943లో ఆమె మొదలుపెట్టిన కతోలిక ఆసుపత్రుల సంఘం ఇప్పటికీ సికింద్రాబాదు నుంచి నడుస్తోంది. ముప్పై ఏడేళ్లు మన దేశంలోనే ఉండి 1957లో బెంగుళూరులో చనిపోయారు. ఆమెకూ మెల్‌బోర్నులో ఒక మేనమామ ఉండే ఉంటాడు. ఆయన ఎవరిని అడిగాడో మరి.

లెక్కల_సారు
అప్పటి నుంచి తీసుకున్నాం కాబట్టి ఇప్పుడు తిరిగి ఇవ్వాలంటారా? మనుషులు వడ్డీ లెక్క కారు.

గద్వాల_మగ్గం
నేను బాకీ అనలేదు సారూ. ఆయన కూడా ఇలాగే నిద్రపోయి ఉండడని మాత్రమే అన్నాను.

సాగర్_ఎడమకాలువ
నాలుగు రోజుల తర్వాత రాస్తున్నాను. మీరు చెప్పినవన్నీ, ముఖ్యంగా పూలదండ మాట, నర్సమ్మ గారి మట్టికి అందని మాట, అక్క దగ్గర కూర్చుని చెప్పాను. అక్క ఏడ్చింది, తర్వాత "గట్క దొరుకుతుందంటనా" అని అడిగింది. పిల్లతో కూడా మాట్లాడాను. పరీక్షలు అయ్యాక ఒక ఏడాది ఎక్కడైనా ఆసుపత్రిలో ఉద్యోగం చేసి, ఆ తర్వాతే చూసిపోయే కాలానికి వెళ్తానంది. ఆ ఏడాది జీతం ఇంట్లో ఇస్తానంది. ముసలి సిస్టర్లను చూసుకోమంటే ఏం చేస్తావని లెక్కల సారు ప్రశ్న కూడా అడిగాను. "నల్లగొండ వార్డులో ఇప్పుడు చేస్తున్నది అదే కదా మామా" అంది. బావ ఇంకా ఏమీ అనలేదు. నిన్న సాయంత్రం మాత్రం, పాస్‌పోర్టుకు ఏమేం కాగితాలు కావాలని నన్ను అడిగారు.

మఠం_గడప_దాటిన
అది తలుపు తీసినట్టే. ఇంకా నోటితో కూడా చెప్పించండి.

రిటైర్డ్_నర్సమ్మ
కాగితాల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను, పదో తరగతి మెమోలో ఉన్న పేరు, జ్ఞానస్నాన పత్రంలో ఉన్న పేరు ఒకటేనేమో ఇప్పుడే చూసుకోండి. మా చెల్లెలికి ఆ రెండూ కలవక ఎనిమిది నెలలు తిరిగాం.

సాగర్_ఎడమకాలువ
ఇప్పుడే పెట్టె తెరిపించి చూశాను. ఒకటి కాదమ్మా. మెమోలో అనిత అని ఉంది, జ్ఞానస్నాన పత్రంలో అసుంత అని ఉంది. ఆ పేరు ఎవరు పెట్టారో అక్కకు కూడా గుర్తు లేదు. నీళ్లు పోసినది ఇటలీ నుంచి వచ్చిన ముసలి గురువు అని మాత్రం అంటోంది.